టెంకల బొగ్గు

మా కోడలు తెప్పించిన కరెంటు పొయ్యికీ నాకూ పడటం లేదు. దానికి మంట ఉండదు, పొగ ఉండదు. నచ్చని గిన్నె పెడితే మూడుసార్లు కూత పెట్టి ఆరిపోతుంది. మా పెళ్ళినాటి కాఫీ గిన్నె దానికి నచ్చలేదు. మా ఆవిడ కూడా నలభై ఏళ్ళలో నా మీద అన్ని కూతలు పెట్టి ఎరగదు. కాలేజీలో ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి గనక అంకెలంటే నాకు గౌరవమే. కాని పొయ్యి ఎంత వేడెక్కిందో తెలియడానికి పొయ్యిలోకి కాకుండా దాని నుదుటి మీది అంకె వంక చూడాలంటే కొంచెం చిన్నతనంగా ఉంటుంది. "మామయ్యగారికి నిప్పు కనపడితేగాని కాఫీ కాగినట్టుండదు" అని కోడలు నవ్వుతుంది. నిజమే. మా ఇంట్లో నిప్పుని కళ్ళతో కొలిచిన మనిషి ఒకాయన ఉండేవాడు.

ఆ పొయ్యి అప్పుడప్పుడూ చిన్నగా షాకు కొడుతోందంటే, ఎర్తింగ్ కొత్తగా వెయ్యాలన్నాడు ఎలక్ట్రీషియన్ శ్రీను. పెరట్లో ఒకప్పుడు నిమ్మచెట్టు ఉన్నచోట తడి బాగా ఉంటుందని అక్కడ గుంట తవ్వాడు. నేను వరండాలో పేపరు చదువుతున్నాను.

"సార్, ఒకసారి ఇటు రండి" అన్నాడు. గొంతు మారింది.

వెళ్ళి చూస్తే గట్టు మీద నాలుగు ఎముక ముక్కలు పేర్చి ఉన్నాయి.

"మనిషివి కాదుగా సార్?"

"మేకవి" అన్నాను.

"ఎట్టా తెలుసండీ?"

"పాతింది నేనే."

శ్రీను గునపం పక్కన పెట్టి నన్ను ఆపాదమస్తకం చూశాడు. "మీరు షావుకార్లు గదా సార్. మీ పెరట్లో మేక బొమికలేంటండీ?"

ఈ ప్రశ్న యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. అడగాల్సిన మనిషి ఏనాడూ అడగలేదు.

నాన్నకి నూజివీడు బజార్లో కిరాణా కొట్టు. వేసవి మూడు నెలలూ కొట్టుని గుమాస్తాకి వదిలేసి, చాట్రాయి దారిలో గుత్తకి తీసుకున్న మామిడితోట చుట్టూ తిరిగేవాడు. అప్పుడు మా ఇల్లంతా వరిగడ్డి, గడ్డిలో కాయలు. ముందుగదిలో చిన్నరసాలు, నడవలో పెద్దరసాలు, పడకగదిలో బంగినపల్లి, మిగిలిన చోట మనుషులు. ముగ్గిన కాయల వాసన బట్టలకి ఎంతగా పట్టేదంటే, సెలవులయ్యాక హాస్టల్లో నేను పెట్టె తెరవగానే పక్కగదివాళ్ళు పళ్ళకోసం వచ్చి, చొక్కాలు చూసి నిరుత్సాహంగా వెళ్ళిపోయేవాళ్ళు. నాన్నకి మాత్రం ఆ వాసన తెలిసేది కాదు. చిన్నప్పటినుంచీ నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు ముఖానికి అలంకారంగా మిగిలింది. కూర మాడితే వీధిలో అందరికీ తెలిశాక ఆయనకి తెలిసేది. అమ్మ దీన్ని ఒక సౌకర్యంగానే భావించేది.

తోటకి ఒక చెకుముకి తుపాకి ఉండేది. కోతులకీ చిలకలకీ బెదురు. దాంట్లో గుండు వేసేవాళ్ళు కాదు, నల్లమందు పోసి, పైన కొబ్బరిపీచు కుక్కి పేల్చడమే. పుట్టి బుద్ధెరిగాక ఆ తుపాకి ఒక్క ప్రాణం తియ్యలేదని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. లైసెన్సు నాన్న పేరన, తుపాకి కాపలా పోలయ్య భుజాన, చట్టం వాళ్ళిద్దరికీ మధ్య దారిలో ఎక్కడో ఉండేవి. పక్క తోటలవాళ్ళు, రాయికి బదులు చిటికెడు మందున్న రాగి టోపీతో పేలే టోపీ తుపాకులు వాడేవాళ్ళు. టోపీల కోసం బెజవాడ మనిషిని పంపాలి, చెకుముకి రాయి ఊరికే దొరుకుతుంది. షావుకారికి అంతకుమించిన సాంకేతిక కారణం అక్కర్లేదు.

మీట నొక్కితే, రాయిని పట్టుకున్న 'గుర్రం' అనే కొక్కెం ముందుకు దూకి ఎదురుగా నిలబడ్డ ఉక్కుపలకని కొడుతుంది. నిప్పురవ్వలు రాలి కిందనున్న మందు అంటుకుంటుంది. ఆ పలకని నాన్న 'చెంప' అనేవాడు. ప్రతిసారీ లెంపకాయ తినేది అదే గదా. చెంప గట్టిగా ఉన్నన్నాళ్ళూ రవ్వలు రాలతాయి. పైపొర అరిగి లోపలి మెత్తటి ఇనుము బయటపడిందంటే రాయి దాన్ని గీరుతుంది తప్ప ఒక్క రవ్వా పుట్టదు. అప్పుడు దానికి మళ్ళీ పదును పట్టాలి.

తుపాకికి ఇంకో పని కూడా ఉండేది. తోటలో పోలయ్యా, అతని భార్య తిరపతమ్మా ఇద్దరే ఉండేవాళ్ళు. ఊరు దూరం. ఒక మోత వినపడితే కోతులొచ్చాయని అర్థం. వెంటవెంటనే రెండు మోతలు వినపడితే మనుషులు రావాలని అర్థం. ఇప్పుడు తోటల్లో సోలారు కంచెలు, చెట్లకి కట్టిన మైకుల్లో కుక్కల అరుపులు, ప్రతి కాయకీ ఒక కాగితం సంచి. కాపలావాడి చేతిలో సెల్‌ఫోను, దాంట్లో అంబులెన్సు నంబరు. అప్పుడు ఆ పనులన్నీ ఒక్క తుపాకీ చేసేది.

చెంపకి పదును పట్టే విద్య కోట వెనకాల ఉండే ఒక ముసలాయనకి తెలుసు. దివాణంవారి తుపాకులు బాగుచేసిన మనిషి. నాన్న ఆయన దగ్గర కూర్చుని, కొందరు సంగీతం నేర్చుకున్నట్టు, ఆ విద్యంతా చూసి చూసి నేర్చుకున్నాడు. ఎప్పుడో ఒకసారి చెంప అరిగితే పని ముసలాయన ఇంట్లోనే జరిగేది. ఒక చలికాలం ఆయన పోయాడు. ఆ వేసవికే చెంప అరిగింది. ఇక ఆ పని మనింట్లోనే చేస్తానన్నాడు నాన్న. అన్నప్పుడు ఆయన ముఖంలో విచారం కన్నా వేరేదేదో ఎక్కువగా ఉంది. జీవితమంతా పప్పులూ బెల్లాలూ తూచిన మనిషికి ఒక్కసారి ఇనుముతో పనిపడింది.

నేను డిగ్రీ రెండో ఏడు రాసి సెలవులకి వచ్చి ఉన్నాను. నాన్న నన్ను 'ఏరా కెమిస్ట్రీ' అని పిలిచి సహాయానికి పెట్టుకున్నాడు. పెరట్లో పగిలిన బాన అడుగు సగం బోర్లించి, చుట్టూ ఇటుకలు పేర్చి మట్టి మెత్తాం. గాలి కొట్టడానికి సైకిలు పంపు, దాని మూతికి కిరసనాయిలు గరాటు. చెంపని పెట్టడానికి పాలపిండి డబ్బా. అమ్మ పట్టకారు, అనుమతి లేకుండా. చల్లార్చడానికి బకెట్లో ఉప్పునీళ్ళు. వేడి కొలిచే యంత్రం నాన్న కళ్ళు. "ముందు పండు మిరపకాయ రంగు వస్తుందిరా, అది చాలదు. తర్వాత చిన్నరసం ముచ్చిక దగ్గర ఎరుపు. ఆ రంగులో గంటలకొద్దీ నిలబెట్టాలి. బంగినపల్లి రంగుకొచ్చిందా, మాడినట్టే." నేను తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకి ఉష్ణోగ్రతల పట్టికలు బట్టీ పట్టించాను. ఆ నాలుగు వాక్యాలంత బాగా ఏ పట్టికా చెప్పలేదు.

ఒక్క వస్తువు తక్కువైంది. డబ్బాలో చెంప చుట్టూ ఎముకల బొగ్గు కూరి, మూతకి బంకమట్టి మెత్తి కాల్చాలి. ఎముకల బొగ్గు లోపల ఉడికితేనే ఇనుము పైన ఉక్కు తోలు కడుతుంది. ముసలాయన ఇంట్లో ఎముకలకి కొదవ లేదు. మా ఇంట్లో ఉల్లిపాయకే శనివారాలు ప్రవేశం లేదు. నాన్న పోలయ్యని కొట్టు వెనక్కి పిలిచి, సారా అడిగేవాడిలా గొంతు తగ్గించాడు.

"ఒరే పోలయ్యా, నాకో సాయం చెయ్యాలిరా."

"చెప్పండి షావుకారు గారూ."

"కాసిని మేక బొమికలు కావాలి."

పోలయ్య అటూ ఇటూ చూశాడు. "తమకాండీ?"

"నాకు కాదురా, తుపాకికి."

"ఓర్నాయనో, అది కూడా మొదలెట్టిందాండీ?" అన్నాడు పోలయ్య. వెంటనే, అనకూడనిది అన్నానేమోనని నాలిక కరుచుకున్నాడు. నాన్న శబ్దం లేకుండా, పొట్ట కదిలేలా నవ్వాడు. పోలయ్యని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ మాటే. అతనికి నలభై దాటలేదు. చెట్టెక్కితే కాయ కోసినట్టుండేది కాదు, అడిగి తీసుకున్నట్టుండేది.

పదిరోజులకి తిరపతమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతిలో అరటినారతో కట్టిన కాగితం పొట్లం. లోపలికి రాకుండా గడప బయట పెట్టి, "షావుకారు గారు తెమ్మన్నారండమ్మా, తుపాకి పనికంట" అని చెప్పి వెళ్ళిపోయింది. నాన్న కొట్లో ఉన్నాడు. ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ. పెరట్లో తెల్లటి దుప్పట్ల మీద మామిడి ముక్కలు, జాడీలు, తడిబట్టతో అమ్మ. ఆ రోజు అమ్మ ఉన్న వైపునుంచి గాలి కూడా అడిగి వీచాలి. పొట్లంలో ఏముందో నేను చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది.

"ఆవకాయ ఆరబెట్టిన పెరట్లో బొమికలు కాలుస్తారా?" అంది అమ్మ, చాలా మెల్లగా. "నేను పోయాక కాల్చుకోండి. నావీ కలుపుకోవచ్చు."

"తుపాకి పనికమ్మా."

"వేరే ఏదీ పనికిరాదా?"

ఆ ప్రశ్నకి నాకు తెలియదని చెప్పి ఉండొచ్చు. నాన్న వచ్చాక అడుగుదామని ఉండొచ్చు. నాకు పందొమ్మిదేళ్ళు, సెకండియర్ ఇనార్గానిక్ పేపరు బాగా రాశాను.

"కార్బన్ ఎక్కడున్నా కార్బనేనమ్మా. బొమికలో ఉన్నదైనా, టెంకలో ఉన్నదైనా ఇనుముకి తేడా తెలీదు."

"నిజంగానా?"

"పరీక్షలో రాశాను. మార్కులు కూడా వేస్తారు."

అమ్మ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "చదువుకుంటున్నవాడివి, నువ్వు చెప్తే సరే. నాన్నకి చెప్పకు, ఊరికే నొచ్చుకుంటాడు" అని, పొయ్యిలోకి దాచిన పాత మామిడి టెంకలు తట్టనిండా తెచ్చి నా ముందు పోసింది. పొట్లాన్ని నేను చేత్తో తాకలేదు. నార ముడిలోకి కర్ర దూర్చి ఎత్తి, నిమ్మచెట్టు కింద గుంట తీసి పాతిపెట్టాను. విప్పి కూడా చూడలేదు. టెంకలు కాల్చి, దంచి, మెత్తటి నల్లపొడి చేశాను. సాయంత్రం నాన్న వచ్చి డబ్బాలో పొడి చూసి, వేళ్ళతో నలిపి, "భేషుగ్గా కాల్చావురా" అన్నాడు. ఇంకెవరికైనా అయితే వాసన చెప్పేసేది.

మర్నాడు పొద్దున్నుంచి పొద్దువాలేదాకా పంపు కొట్టాం. నాన్న పంచె మోకాళ్ళపైకి కట్టి, బాన చిల్లులోంచి లోపలికి చూస్తూ, రంగులు పిలుస్తూ కూర్చున్నాడు. "మిరపకాయ... కొట్టరా... ఆఁ, ముచ్చిక ఎరుపు, నిలబెట్టు." చివరికి డబ్బా పగలగొట్టి చెంపని ఉప్పునీళ్ళలోకి జారవిడిస్తే బకెట్టు ఒక్కసారి మూలిగింది. ఆరాక ఆకురాయితో రుద్దిచూశాడు. ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. తలుపులు మూసి చీకటి చేసిన కొట్టుగదిలో తుపాకికి బిగించి మీట నొక్కాడు. రవ్వలు రాలాయి. నాన్న మళ్ళీ నొక్కాడు, మళ్ళీ. నేను ఆయన్ని అంత సంతోషంగా అంతకు ముందు చూడలేదు. తర్వాత చూసే అవకాశం రాలేదు. తలుపు సందులోంచి అమ్మ నా వంక చూసి, కార్బన్ గురించి నేను చెప్పింది నిజమేనని ఒప్పుకున్నట్టు తలాడించింది.

బొగ్గు ఒక్కటే అయితే ఇనుములోకి చాలా సావకాశంగా దిగుతుందనీ, ఎముకలో ఉండే మిగతా సరుకు దాన్ని లోపలికి తోస్తుందనీ తర్వాతి ఏడు లైబ్రరీ పుస్తకంలో చదివాను. మామిడి తొక్కంత మందాన కట్టాల్సిన ఉక్కు, ఉల్లిపొరంత కట్టింది. ఆకురాయికి ఆ తేడా తెలీదు. రాయి రోజూ గీరితే తెలుస్తుంది. నాలుగు వారాలు పట్టింది.

రోహిణికార్తె. రోడ్డు పక్కన కాయలు గంపలకెత్తే పాకలో నాన్నా నేనూ మధ్యాహ్నం పెరుగన్నం తింటున్నాం. తోట అక్కడికి మైలు దూరం. గాలి లేదు, ఆకు కదలడం లేదు, ఆకాశం సత్తుగిన్నెలా ఉంది. నాన్న ఊరగాయ బద్ద చీకుతూ, "ఇవాళ కోతులకి కూడా ఎండదెబ్బ తగిలినట్టుందిరా, మోతే లేదు" అన్నాడు. నేను నవ్వాను. ఇద్దరం మజ్జిగ తాగాం. నాన్న కాసేపు నడుం వాల్చాడు కూడా.

ఆ సమయంలో తోటలో తిరపతమ్మ మీట నొక్కుతూ ఉంది. రాలిన కాయలు ఏరుతుంటే ఎండుటాకుల కింది నాగుపాము పోలయ్యని మడమ మీద కాటేసింది. అతను కాలికి తలగుడ్డ కట్టుకుని చెట్టుకానుకుని కూర్చుని, "రెండు మోతలు వెయ్యి, షావుకారు గారు రోడ్డు మీదే ఉన్నారు" అన్నాడట. ఆమెకి తుపాకి పేల్చడం అతనే నేర్పాడు. రాయి తిప్పి బిగించింది, మందు మార్చింది, కొంగుతో చెంప తుడిచింది. ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకీ తెలీదు. చివరికి తుపాకి పారేసి మైలు దూరం పరుగెత్తి వచ్చింది. పాక ముందు పడిపోయి ఆమె అన్న మొదటి మాట పాము గురించి కాదు.

"పలకలేదండీ. ఎంత కొట్టినా పలకలేదండీ."

కాయల లారీ ఖాళీ చేయించి పోలయ్యని ఎక్కించాం. నూజివీడు చేరకముందే అతని తల నాన్న ఒళ్ళో పక్కకి వాలింది. ఆస్పత్రి దగ్గర గుంపులో ఎవరో, ప్రతి చావు దగ్గరా ఎవరో ఒకరు అనే మాటే అన్నారు. ఒక అరగంట ముందు తెస్తే.

పోలయ్య పదకొండో రోజు అయ్యాక నాన్న తుపాకి విప్పి చెంప మీద ఆకురాయి పెట్టాడు. బెల్లంలోకి దిగినట్టు దిగింది. ఆయన చాలాసేపు దాన్ని చూసి, "అగ్గి చాల్లేదురా. ఇంకో రెండు గంటలు నిలబెట్టాల్సింది. పొద్దుపోయిందని తొందరపడ్డాను" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కార్బన్ గురించి నాకు తెలిసినదంతా గొంతులోనే ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముగ్గురిలో ఒక్కరే మాట్లాడారు.

ఆ తర్వాత ఎలక్షన్లొచ్చి తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమంటే నాన్న ఇచ్చేసి వచ్చి, మళ్ళీ తెచ్చుకోడానికి వెళ్ళలేదు. తోటలు గుత్తకి తీసుకోవడం మానేశాడు. తిరపతమ్మకి ఏటా బియ్యం పంపాడు, ఎదురుపడితే మాత్రం పక్కసందులోకి తిరిగేవాడు. ఆ ఏటి ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ అమ్మ విప్పలేదు. ఎందుకని అడిగితే ఉప్పెక్కువైందంది. రుచి చూసినవాళ్ళు ఎవరూ లేరు. నాన్న ఇంకో ఇరవై రెండేళ్ళు బతికాడు. చివరి రోజుల్లో మగతలో చేతులు పైకీ కిందికీ ఆడించేవాడు. నర్సు ఫిట్స్ అనుకుంది. పంపు కొడుతున్నాడని నాకు తెలుసు. "కొట్టరా, ఇంకో రెండు గంటలు" అనేవాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెవి దగ్గర ఒక్క వాక్యం. వినపడదులే అనుకున్నాను. వినపడుతుందేమోనని భయం వేసిందని రాయడమే న్యాయం. అమ్మ ఆ తర్వాతి ఏడు పోయింది. మేమిద్దరం ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మా ఇంట్లో మర్యాద ఎప్పుడూ ఎక్కువే.

శ్రీను ఎర్తింగ్ గుంట పూడ్చేసి వెళ్ళాక నేను స్కూటరు తీశాను. తిరపతమ్మకి డెబ్భై అయిదు దాటి ఉంటాయి. చాట్రాయి దాటాక కొడుకు కట్టిన స్లాబింట్లో, వసారాలో కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయ ఒరుగులు కోస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. మనవరాలు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళింది.

"ఎండనపడి వచ్చారేంటి బాబూ? కబురెడితే మావోడు వచ్చేవోడుగా."

"నీకో మాట చెప్పాలి తిరపతమ్మా."

చెప్పాను. ఆవకాయ, దుప్పట్లు, అమ్మ, టెంకలు, పరీక్ష. దారిపొడుగునా వాక్యాలు సర్దుకుంటూ వచ్చాను. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గనక విషయం క్రమంలోనే చెప్పాను. తప్పు నాన్నది కాదన్నాను. నాదన్నాను. ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపలేదు. కాయ చీలిన చప్పుడు, టెంక గంపలో పడిన చప్పుడు, మళ్ళీ కాయ. నేను ఆపేశాక కూడా రెండు కాయలు కోసింది.

"అయితే ఆ పొట్లం ఇప్పనే లేదా మీరు?"

"లేదు."

తిరపతమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"షావుకారోరింట్లోకి పోతాయని, మూడుసార్లు సున్నపునీళ్ళలో ఉడకబెట్టి, వారం రోజులు ఎండబెట్టి తెచ్చానండీ అయ్యి."